తెరచాప ముడతలే లోపానికి గుర్తు
హైదరాబాద్: హుస్సేన్‌సాగర్‌లో శిక్షణ పొందే బాలలకు తొలి పాఠాలు ఆప్టిమిస్ట్ పడవపైనే సాగుతాయి. దీని పొడవు దాదాపు 2.3 మీటర్లు. గాలి ఉన్నా పడవ సాగకపోతే తాళ్ల బిగింపును పరిశీలించాలి. తెరచాపను ఏటవాలుగా ఎత్తిపట్టే స్ప్రిట్ కర్ర తాడు వదులైతే, మాస్ట్ పైభాగం నుంచి అడుగునున్న బూమ్ చివరి వరకు ముడత పడుతుంది. అప్పుడు తాడు బిగించాలి. అతిగా బిగిస్తే తెరచాప పైకొన నుంచి మాస్ట్ దిగువకు ముడత వస్తుంది. అప్పుడు సడలించాలి. ఈ సర్దుబాట్లు చేసేటప్పుడు పడవ ముందుభాగం గాలికి ఎదురుగా ఉండాలి. అన్నింటికన్నా ముఖ్యమైనది మాస్ట్‌ను పడవకు బంధించే తాడు. అది లేకుంటే, పడవ బోల్తా పడినప్పుడు మాస్ట్ ఊడివచ్చి పడవను చీల్చే ప్రమాదముంది. అందుకే నీటిలోకి దిగకముందే దానిని సరిచూడాలి.