కరక్కాయ నీటిలో వెండి గోధుమ రంగుకు ఎందుకు తిరుగుతుంది?

ఖమ్మం మైదానం దాటి భద్రాచలం అడవులు మొదలయ్యే సరిహద్దులో పెరిగే కరక్కాయ, తెల్లమద్ది, నేరేడు వంటి చెట్ల బెరడులోనో కాయల్లోనో టానిన్లు, అంటే నాలుకకు వగరుగా తగిలే రసాయనాలు, సమృద్ధిగా ఉంటాయి. కలంకారీ కళాకారులు గుడ్డను కరక్కాయ కలిపిన పాలలో నానబెట్టేది ఈ టానిన్ల కోసమే.

ఈ వగరు పదార్థాలకు ఎలక్ట్రాన్లను సులువుగా వదులుకునే గుణం ఉంది. కరక్కాయ పొడిని కాచి వడగట్టిన నీటిని కొద్దిగా, రంగులేని సిల్వర్ నైట్రేట్ ద్రావణంలో కలిపినప్పుడు, అందులోని వెండి అయాన్లు, అంటే ఒక్కో ఎలక్ట్రాన్ కోల్పోయి ధనావేశంతో ఉన్న వెండి పరమాణువులు, టానిన్లు వదిలిన ఎలక్ట్రాన్లను అందుకొని లోహంగా మారి, ఒకదానికొకటి చేరి, 1 నుంచి 100 నానోమీటర్ల కణాలుగా ఎదుగుతాయి. ఒక మిల్లీమీటరులో 10 లక్షల నానోమీటర్లుంటాయి. మొక్కలోని పదార్థాలే ఆ కణాలకు పూతలా అంటుకొని, అవి ముద్దకట్టకుండా ఆపుతాయి. హానికర రసాయనాల బదులు మొక్కను వాడడం వల్ల ఈ పద్ధతికి హరిత సంశ్లేషణ అని పేరు వచ్చింది గానీ, సిల్వర్ నైట్రేట్ మాత్రం ఏమంత హరితం కాదు.

మెరిసే వెండి గోధుమ రంగులో కనిపించడమే ఇందులోని వింత. ఇంత చిన్న కణంలోని ఎలక్ట్రాన్లు కాంతి సోకగానే కలిసికట్టుగా ఊగుతూ, దాదాపు 400 నుంచి 450 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం గల ఊదా, నీలి కాంతిని పీల్చుకోవడంతో, మిగిలిన కాంతి కంటికి పసుపుగా, గాఢత పెరిగితే గోధుమగా తోస్తుంది.

రంగే కాదు, ఈ కణాలకు బాక్టీరియాను చంపే గుణమూ ఉంది. ఇవి నెమ్మదిగా విడుదల చేసే వెండి అయాన్లు బాక్టీరియా పొరను దెబ్బతీసి, లోపలి ప్రోటీన్లలోని గంధకానికి అంటుకొని ఎంజైముల పనిని ఆపేస్తాయి. అయితే గాజు పళ్లెంలో బాక్టీరియాను చంపినదల్లా మందు కాదు. అవే అయాన్లు చేపలకూ హానికరం. సిల్వర్ నైట్రేట్ తగిలితే చర్మంపై నల్లని మరకలు పడతాయి కనుక, ఈ ప్రయోగాన్ని ఉపాధ్యాయుల సమక్షంలో, చేతి తొడుగులతోనే చేయాలి.