ఐదు రూపాయల రైలు, సాగర్ ఒడ్డు, మా నాయనమ్మ

"ఏరా, ఇది మనుషులెక్కే బండేనా?"

హైటెక్ సిటీ స్టేషన్లో ఎంఎంటీఎస్ వచ్చి ఆగగానే మా నాయనమ్మ అడిగిన ప్రశ్న ఇది. నవ్వకండి. ఆమె అలా అడగడానికి కారణం ఉంది.

మాది ఖమ్మం జిల్లా వేంసూరు. పక్కనే సత్తుపల్లి, ఇంకాస్త ముందుకెళ్తే ఆంధ్రా. మామిడి తోటలు, ఆయిల్‌పామ్ తోటలు, ఎర్ర బస్సులు. ఒకప్పుడు మా ఊరి పేరుతోనే అసెంబ్లీ నియోజకవర్గం ఉండేది. 1973లో ముఖ్యమంత్రి అయిన జలగం వెంగళరావు అక్కడి నుంచి గెలిచినవారే. సీఎం వచ్చాడు కానీ రైలు రాలేదు. చివరికి 2022లో భద్రాచలం రోడ్ నుంచి సత్తుపల్లి దాకా 54 కిలోమీటర్ల కొత్త లైన్ పూర్తయింది. పట్టాలు వేస్తున్నన్నాళ్లూ మా నాయనమ్మ ఊరంతటికీ చెప్పింది, "ఇక మా మనవడు రైల్లోనే వస్తాడు" అని. రైలొచ్చింది. నిండా బొగ్గు. సత్తుపల్లి ఓపెన్‌కాస్ట్ గని బొగ్గు మోయడానికి వేసిన లైన్ అది. ఆ గని పేరు కూడా జేవీఆర్, అంటే జలగం వెంగళరావే.

అట్లా డెబ్భై నాలుగేళ్లు వచ్చినా ఆమె రైలెక్కలేదు. ఖమ్మం వెళ్లినా, హైదరాబాద్ వచ్చినా బస్సే. ఇప్పుడైతే ఆధార్ చూపిస్తే బస్సు ఫ్రీ కూడా. ఈసారి కంటి ఆపరేషన్ కోసం వచ్చింది. కట్టు విప్పి, చెకప్ అయిపోయి, డాక్టర్ ఇక ఊరెళ్లొచ్చు అన్నాక, "ఏం చూస్తావే నాయనమ్మా?" అని అడిగా. బిర్లా మందిర్ అంటుందేమో, చార్మినార్ అంటుందేమో అనుకున్నా.

"రైలెక్కించరా" అంది.

నేను ఇక్కడ సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరి ఐదేళ్లు. ఎంఎంటీఎస్ ఎక్కింది వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. కానీ ఒక సంగతి గుర్తుంది. బేగంపేట దాటాక నాంపల్లి వైపు వెళ్లే రైలు హుస్సేన్‌సాగర్ ఒడ్డు వెంట పోతుంది. కొత్త కళ్లకు నీళ్లు చూపిద్దామని ప్లాన్ వేశా. కౌంటర్లో టికెట్లు తీస్తుంటే ఆమె కొంగు ముడి విప్పి ఆధార్ కార్డు బయటికి తీసింది. "ఇక్కడ అది చెల్లదు, టికెట్ కొనాలి" అన్నా. ఎంఎంటీఎస్‌లో కనీస చార్జీ 5 రూపాయలని చెబితే నమ్మలేదు. "ఐదు రూపాయలకి ఏమొస్తదిరా ఈ రోజుల్లో?"

కిటికీ పక్క సీటు దొరికింది. బోరబండ, భరత్‌నగర్, ఫతేనగర్... అపార్ట్‌మెంట్ల వెనక వైపులు, ఆరేసిన బట్టలు, గోడల మీద కోచింగ్ సెంటర్ ప్రకటనలు. ఆమె ఒక్కటీ వదలకుండా చూస్తోంది. బేగంపేట దాటింది. తర్వాత నెక్లెస్ రోడ్ రావాలి. సంజీవయ్య పార్క్ వచ్చింది.

అప్పుడు వెలిగింది. మేం ఎక్కింది నాంపల్లి బండి కాదు, ఫలక్‌నుమా బండి. రెండూ ఒకే ప్లాట్‌ఫామ్ మీదికి వస్తాయి. బోర్డు చూసుకోకపోవడం పూర్తిగా నా తప్పు. ఆఫీసులో వేరేవాళ్ల కోడ్‌లో తప్పులు పట్టడం నా పని!

గబగబా దిగేశాం. తిరిగి బేగంపేట వెళ్లే బండి కోసం ప్లాట్‌ఫామ్ మీద బెంచీ వెతుక్కున్నాం. ఆ ఎదురుచూపులో ఫోన్ తీసి చదవడం మొదలుపెట్టాక తెలిసింది, మేం పొరపాటున వచ్చిందే అసలు దారి అని.

బొంబాయి నుంచి మద్రాసు వెళ్లే లైన్ మీద వాడి అనే ఊరుంది, ఇప్పటి కర్ణాటకలో. అక్కడి నుంచి సికింద్రాబాద్‌కు నిజాం రాజ్యపు మొదటి రైలు 1874 అక్టోబరులో నడిచింది. లింగంపల్లి, బేగంపేట మీదుగా వచ్చి, సాగర్ ఉత్తరపు అంచున తిరిగి సికింద్రాబాద్ చేరేది. మేం కూర్చున్న బెంచీ ముందు నుంచే అన్నమాట. అప్పటికి ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్‌కు ఎనిమిదేళ్లు. రాజ్యం నడిపింది దివాన్ సాలార్‌జంగ్. సికింద్రాబాద్‌లో కంటోన్మెంట్ ఉంది కాబట్టి అక్కడికి రైలు కావాలని ఇంగ్లీషువాళ్ల పట్టు. డబ్బు మాత్రం నిజాం ఖజానా వైపు నుంచి. ఒడ్డున ఉన్న ఈ నీళ్లను చూసి ఆనందించమని ఎవరూ వేసిన లైన్ కాదిది. రైలుకు ఎక్కుడు పడదు, సమానంగా ఉన్న నేల కావాలి. చెరువు అంచు కన్నా సమానమైన నేల ఎక్కడుంటుంది?

"ఇంత పెద్ద చెరువు కింద ఎన్నెకరాలు పారుద్ది?" నాయనమ్మ అడిగింది. చెట్ల సందుల్లోంచి నీళ్లు కనిపిస్తున్నాయి, పైన ఆ పెద్ద జాతీయ జెండా.

ఆమెకు చెరువంటే సత్తుపల్లి దగ్గరి బేతుపల్లి చెరువే లెక్క. ఎంత నీరు, ఎంత ఆయకట్టు. ఇక్కడ ఆయకట్టేమీ లేదని చెప్పా. ఇబ్రహీం కుతుబ్ షా కాలంలో, 1562 ప్రాంతంలో తవ్వించిన చెరువిది. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టేదాకా నగరం దీని నీళ్లు తాగింది. "తాగారా?" అని కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. గాలి ఇటు తిరిగింది మరి. కూకట్‌పల్లి నాలా మోసుకొచ్చిన మురుగంతా ఎన్నో ఏళ్లుగా ఇందులోనే కలిసింది. ఫొటోల్లో వాసన రాదు కాబట్టి మన రీల్స్‌లో సాగర్ ఎప్పుడూ బాగుంటుంది.

ఈ లైన్ కథలో నన్ను పట్టేసిన భాగం తర్వాతది. 1883 ప్రాంతంలో రైల్వేను లండన్‌లో పెట్టిన ఒక కంపెనీకి అప్పజెప్పి, ఇంకా ముందుకు పొడిగించాలనుకున్నారు. షరతు ఏంటంటే, లాభం వచ్చినా రాకపోయినా వాటాదారులకు వడ్డీకి నిజాం ప్రభుత్వం గ్యారంటీ. అందుకే దాని పేరు 'నిజామ్స్ గ్యారంటీడ్ స్టేట్ రైల్వే'. లెక్కలు జనానికి చెప్పండని హైదరాబాద్‌లో కొందరు నిలదీశారు. చందా రైల్వే గొడవ అంటారు దాన్ని. నిలదీసినవాళ్లలో సరోజినీ నాయుడి తండ్రి అఘోరనాథ్ ఛటోపాధ్యాయ ఒకరు. ఆయన్ను నగరం నుంచే వెళ్లగొట్టారు. ఒక రైల్వే లైన్ డబ్బు ఎవరిది, లాభం ఎవరిది అని అడిగినందుకు!

ఆ పొడిగింపే 1886లో వరంగల్, 1888లో డోర్నకల్, 1889లో బెజవాడ చేరింది. డోర్నకల్ నుంచి ఇల్లెందు వైపు ఒక కొమ్మ చీలింది. ఎందుకు? అక్కడ సింగరేణి బొగ్గు దొరికింది కాబట్టి. చూశారా, సాగర్ ఒడ్డున మొదలైన తీగ లాగితే మా జిల్లా బొగ్గు దగ్గర తేలింది. ఆ తీగ చివరి కొస మొన్న 2022లో మా సత్తుపల్లికి వచ్చింది, మళ్లీ బొగ్గు కోసమే. నూట ముప్పై ఏళ్ల తర్వాత కూడా.

అయితే కొత్తగూడెం లైన్ కూడా బొగ్గుదే. తర్వాత అందులో మనుషులూ ఎక్కారు, అక్కడి స్టేషన్‌కు భద్రాచలం రోడ్ అని పేరూ పెట్టారు. (రైలు దిగాక రాముడి దగ్గరికి ఇంకో నలభై కిలోమీటర్లు. ఆ 'రోడ్' అన్న మాటలోనే ఉంది కిటుకంతా.) కాబట్టి నాయనమ్మ ఆశ మరీ పిచ్చిదేం కాదు.

బేగంపేట వెళ్లి, ఈసారి బోర్డు రెండుసార్లు చదివి నాంపల్లి బండి ఎక్కాం. ఎడమ వైపు కిటికీ. ఇది గుర్తుపెట్టుకోండి, మీరెళ్లినా ఎడమ వైపే కూర్చోవాలి. బండి కుడివైపు వంపు తిరుగుతుంది, నెక్లెస్ రోడ్ స్టేషన్ వస్తుంది, రోడ్డవతల నీళ్లు. గట్టిగా నాలుగైదు నిమిషాలు. మధ్యలో గోడలు, చెట్లు, హోర్డింగులు అడ్డం వస్తూనే ఉంటాయి. నీళ్లు ఒకసారి కనిపిస్తాయి, మాయమవుతాయి, మళ్లీ కనిపిస్తాయి. సాయంత్రం ఐదున్నర ప్రాంతంలో వెళ్తే ఎండ మన వెనక నుంచి నీళ్ల మీద పడుతుంది. దూరంగా బుద్ధుడు.

బుద్ధుడి కథ చెప్పా ఆమెకు. 1990 మార్చిలో పడవ మీద తీసుకెళ్తుంటే విగ్రహం మునిగిపోవడం, పది మంది చనిపోవడం, రెండేళ్లకు పైగా నీళ్ల అడుగునే ఉండి 1992 డిసెంబర్‌లో నిలబడటం. "పాపం, ఆ పది మంది పేర్లు రాశారా అక్కడ?" అంది. నా దగ్గర జవాబు లేదు. ఇన్నేళ్లలో నాకు ఆ ప్రశ్నే రాలేదు.

రష్యాలో బైకాల్ సరస్సు ఒడ్డున ఇలాంటి పాత లైనే ఒకటుంది. తొంభై కిలోమీటర్ల దాకా, దాదాపు నలభై సొరంగాలు, 1904 నాటికి వేసింది. మెయిన్ లైన్ వేరే దారి పట్టింది, 1950ల్లో డ్యామ్ కట్టడంతో పాత లైన్‌లో ఒక ముక్క మునిగిపోయింది. ఇప్పుడది టూరిస్టుల రైలు. జనం డబ్బు పోసి, రోజంతా కూర్చుని చూస్తారు. మనది ఆ స్థాయి అందమని నేను అబద్ధం చెప్పను. కానీ మన బండిలో నిలబడినవాళ్లు లేబర్ పనికి పోయేవాళ్లు, నర్సులు, కాలేజీ పిల్లలు. 2003 ఆగస్టులో ఎంఎంటీఎస్ మొదలైనప్పటి నుంచి సాగర్ వాళ్ల రోజువారీ దారిలో ఉంది. ఒక్కరూ తలెత్తి చూడట్లేదు, అందరూ ఫోన్లలో ఉన్నారు. నేనూ అంతే ఉండేవాణ్నిలెండి.

ఖైరతాబాద్, లక్డీకాపూల్, నాంపల్లి. 1907 నాటి స్టేషన్. దిగి ప్లాట్‌ఫామ్ మీదే చాయ్, ఉస్మానియా బిస్కట్. నాయనమ్మ ఇంజిన్ దాకా నడిచెళ్లి చూసి వచ్చింది. నేను ఫొటో తీశా. ఫొటోలో ఆమె నవ్వట్లేదు, కెమెరా వైపు చూడట్లేదు, పెట్టెలు లెక్కపెడుతోంది.

ఊరెళ్లిన పది రోజులకు ఫోన్ చేసింది. మా చిన్నత్తది సత్తుపల్లి పక్క ఊరు, డాబా ఎక్కితే పట్టాలు కనిపిస్తాయి. అక్కడికెళ్లిందట.

"నిన్న బొగ్గు బండి పోతుంటే లెక్కపెట్టా. యాభై ఎనిమిది పెట్టెలు. అన్నిట్లో ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి మనుషులది తగిలిస్తే వాళ్లకేం పోయిద్ది రా?"