మోత్కూరులో సముద్రానికి దీపం

మా మోత్కూరు పిల్లలెవరినైనా చెరువు ఎంత దూరమని అడగండి, చిటికెలో చెబుతారు. సముద్రం ఎంత దూరమని అడిగితే మాత్రం భూగోళం పుస్తకం తెరవాలి. అలాంటి ఊళ్ళో, మా ముందుగదిలో, రెండడుగుల పొడవూ అడుగు వెడల్పూ గల సముద్రం ఒకటి కాపురముంటోందంటే నవ్వుతారేమో. నవ్వండి. మొదట్లో నేనూ నవ్వాను.

దీనికి బాధ్యుడు మా బావమరిది. హైదరాబాదులో ఉద్యోగం చేస్తూ, అద్దాల తొట్టిలో ఉప్పునీళ్ళు పోసి మెత్తని పగడాలు పెంచుతుండేవాడు. అతనికి తటాలున బదిలీ అయింది. "బావా, మూణ్ణెల్లు చూసుకో, మళ్ళీ తీసుకుపోతాను" అని తొట్టిని మా ఇంట్లో దించిపోయాడు. ఆ మూణ్ణెల్లు గడిచి ఏడాది నిండింది. ఇప్పుడా తొట్టి మాదే.

అందులో అరవై లీటర్ల నీళ్ళు, ఒక జత నారింజరంగు చేపలు, రాళ్ళకు అంటుకుని పుట్టగొడుగుల్లా పరచుకున్న గోధుమరంగు పగడాలు, వాటి మధ్య తోలు గొడుగులాంటి పెద్ద పగడం ఒకటీ ఉన్నాయి. మా అమ్మ రెండు రోజులు తొట్టిని ఎగాదిగా చూసి, "గీ నీళ్ళల్ల పురుగులకు దీపమెందుకు కొడుకా?" అంది. ఆ ప్రశ్నకు అప్పట్లో నా దగ్గర జవాబు లేదు.

జవాబు వెతకవలసిన రోజు త్వరలోనే వచ్చింది. ఒకనాటి సాయంత్రం తొట్టిమీది దీపం కాస్తా ఆరిపోయింది. బజారుకు పోయి ఇళ్ళలో వాడే పసుపు వెలుగు దీపం ఒకటి తెచ్చి బిగించాను. గదంతా పెళ్ళివారిల్లులా వెలిగింది. కాని మూడు వారాలు గడిచేసరికి తోలు పగడం ముడుచుకుపోయింది, పుట్టగొడుగులు వెలుగు కోసం మెడలు చాచినట్టు సాగిపోయాయి. అద్దంమీద మాత్రం పచ్చని పాచి దివ్యంగా పెరిగింది.

"మా తమ్ముడు ప్రాణంలా పెంచుకున్నాడండీ" అంది మా ఆవిడ. అంతకంటె ఒక్క మాట ఎక్కువ అనలేదు. ఆ ఒక్క మాటే చాలింది.

కంటికి వెలుగు, కడుపుకు వెలుగు

పగడం చెట్టు కాదు, రాయి కాదు. జంతువు. అయితే దాని ఒంటిలోపల కంటికి కనిపించని ఏకకణ శైవలాలు లక్షలాదిగా కాపురముంటాయి. అవి వెలుతురుతో వంట చేసి, అందులో ఎక్కువ భాగం ఇంటి యజమానికి అద్దెగా ఇస్తాయి. కనుక మనం తొట్టిమీద వెలిగించే దీపం అలంకారం కాదు. అది పగడానికి అన్నం.

నా పొరపాటు ఇక్కడే ఉంది. దుకాణంలో దీపం పెట్టెమీద రాసే లూమెన్ల లెక్క మనిషి కంటికోసం వేసినది. మన కన్ను పసుపు కలిసిన ఆకుపచ్చను అన్నిటికంటె బాగా పట్టుకుంటుంది. సముద్రం తీరు వేరు. ఎర్రని వెలుగు పైనున్న కొద్ది మీటర్లలోనే ఇంకిపోతుంది, నీలం లోతుకు దిగుతుంది. పగడంలోని శైవలాలు ఆ నీలానికి అలవాటుపడినవి. కనుక 400 నుంచి 700 నానోమీటర్ల మధ్య, మొక్కలకూ శైవలాలకూ అక్కరకొచ్చే వెలుతురును కొలిచేందుకు "పార్" అనే వేరే లెక్క ఉంది. మిట్టమధ్యాహ్నపు ఎండలో అది 2000 దాకా ఉంటుంది. తొట్టిలో పుట్టగొడుగు పగడాలకు 50 నుంచి 100 చాలు, తోలు పగడానికి మరికొంత కావాలి. కొమ్మలుగా పెరిగే గట్టి పగడాలకైతే 200 నుంచి 350 వరకు అవసరమని పెంపకందారుల అంచనా.

మూడు దీపాల పోటీ

ఇక ఎంపిక. సన్నని ట్యూబులైట్ల వెలుగు తొట్టినిండా సమంగా పరచుకుంటుంది. వెల కూడా తక్కువే. కాని ఏడాది తిరిగేసరికి దాని సత్తువ తగ్గుతుంది. పైకి వెలుగుతున్నట్టే ఉంటుంది, లోపల పగడం పస్తులుంటుంది. మెటల్ హాలైడ్ దీపం సూర్యుడికి తమ్ముడు. దాని కింద నీటిమీద కదిలే వెలుగు నీడలు చూడముచ్చటగా ఉంటాయి. అయితే 150 వాట్ల ఆ దీపం చిన్న తొట్టికి పొయ్యితో సమానం. ఎండాకాలం 40 డిగ్రీలు దాటడం మామూలైన మా ఊళ్ళో, 27 డిగ్రీల నీళ్ళు కోరే ప్రాణుల నెత్తిన పొయ్యి పెట్టడమేమిటి?

మిగిలింది ఎల్.ఇ.డి. దీపం. ప్రకాశవంతమైన నీలి ఎల్.ఇ.డి. 1990 దశకంలోగాని మనిషికి చిక్కలేదు. దాన్ని సాధించిన జపాన్ శాస్త్రజ్ఞులు అకసాకి, అమానో, నకమురా 2014లో నోబెల్ బహుమతి అందుకున్నారు. నీలం, తెలుపు వేర్వేరుగా పెంచి తగ్గించుకునే వీలున్న చిన్న దీపమొకటి ఎంచాను. దాని వెల చూసి గుండె గుభేలుమంది. కుట్టుమిషనుకు మోటారు పెట్టించాలని మా ఆవిడ దాచుకున్న డబ్బు నా ఎదుట పెట్టింది. "సంక్రాంతి దాకా కాలితోనే తొక్కుతాలెండి" అంది.

నారు చెప్పిన పాఠం

దీపం వచ్చిన ఉత్సాహంలో నేను చేసిన ఘనకార్యం వినండి. ఇన్నాళ్ళు పస్తులున్నవాటికి విందు చేద్దామని, పూర్తి వెలుగు పెట్టి పన్నెండు గంటలు వెలిగించాను. వారం తిరగకముందే పుట్టగొడుగు పగడాలు పాలిపోయి, సున్నం పూసినట్టయ్యాయి.

వెలుగుగాని వేడిగాని తన శక్తికి మించితే, పగడం తనకు అన్నం పెట్టే శైవలాలనే బయటికి నెట్టేస్తుంది. సముద్రాలలో పగడపు దిబ్బలు తెల్లబడడమంటే ఇదే. నీళ్ళు వేడెక్కడం వల్ల 1998లోనూ, 2010లోనూ, 2016లోనూ లక్షద్వీపాల దిబ్బలు అలా తెల్లబోయాయి. అక్కడ వేడి చేసిన పని ఇక్కడ నా ఆత్రం చేసింది.

మా అమ్మకు ఇంత శాస్త్రం అక్కరలేకపోయింది. "నీడల పెరిగిన మిరపనారును ఒక్కసారే ఎండల నాటితె నిలుస్తదా కొడుకా?" అంది. అంతే, దీపాన్ని అయిదోవంతుకు దించాను. వారం వారం కొంచెం కొంచెంగా పెంచాను. రోజుకు ఎనిమిది గంటలే వెలిగేట్టు గడియారం మీట బిగించాను. పుట్టగొడుగుల రాళ్ళు కిందికి, తోలు పగడం పైకి మార్చాను. ఒకే దీపం కింద ఎండా నీడా రెండూ అమరాయి. రెండు మాసాలకు గోధుమరంగు మెల్లగా తిరిగి వచ్చింది. ఒక్క పుట్టగొడుగు మాత్రం దక్కలేదు.

దీపంతోనే సరిపోదు. ఎండాకాలం నీటిమీదికి చిన్న పంకా తిప్పితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. ఆవిరైన మేరకు మంచినీళ్ళే పోయాలి, ఉప్పునీళ్ళు కాదు. నల్లగొండ ప్రాంతపు బోరునీళ్ళలో ఫ్లోరైడు సంగతి అందరూ ఎరిగినదే కనుక, వడగట్టిన ఆర్.ఓ. నీళ్ళే వాడుతున్నాం. కరెంటు పోతే ఇన్వర్టరును దీపానికి కాక నీళ్ళు తిప్పే మోటారుకు ఇవ్వాలి. చీకట్లో పగడం ఒక రోజు ఓర్చుకుంటుంది. నీళ్ళు కదలకపోతే ప్రాణవాయువు చాలక అన్నీ పోతాయి.

దీపం కుదిరాక మా అమ్మాయికి ఆశ పెరిగింది. "కొమ్మల పగడం ఒకటి తెద్దాం నాన్నా" అంది. అదొక్కటి కుదరదన్నాను. దిబ్బలు కట్టే గట్టి పగడాలన్నిటినీ 2001లో మన వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చారు. పులికి ఉన్న రక్షణే వాటికీ ఉంది. దీపం ఉంది కదా అని సముద్రాన్ని ఇంటికి తెచ్చుకోలేం.

అది విని మా అమ్మ గాభరాగా తన పుస్తెల తాడులోని ఎర్ర పగడాలు తడుముకుంది. "మరి వీటికీ దీపం పెట్టాల్నా?" అంది. అవసరం లేదని చెప్పాను. నగల్లో వాడే అసలు ఎర్ర పగడం మధ్యధరా సముద్రపు మసకచీకట్లో పెరుగుతుంది. దాని ఒంట్లో వంటచేసే శైవలాలు లేవు, ఎండతో పనీ లేదు. "నయం" అని ఆవిడ ఊపిరి పీల్చుకుంది.

సంక్రాంతికి కుట్టుమిషను మోటారు వచ్చింది. ఇప్పుడు రాత్రి ఎనిమిదయ్యేసరికి గడియారం మీట టక్కుమంటుంది. మా అమ్మ అది వినగానే, "వాటికి పొద్దుగూకింది బిడ్డా, నువ్వు గూడ పండుకో" అని మనవరాలిని పిలుస్తుంది.