ఐదు శతాబ్దుల నీడ

ముదిమియందు మనుజునకు ముఖ్యముగా కావలసినవి రెండు: నీడ, గౌరవము. జర్మనీ దేశమున ఆగ్స్‌బర్గ్ నగరమందలి ఫుగ్గెరై అను పేట ఆ రెంటిని నేటికిని సమకూర్చుచున్నది.

యాకోబ్ ఫుగ్గర్ అను ధనిక వర్తకుడు, కష్టించి పనిచేసియు లేమి పాలైన నగరవాసులకై దీనిని కట్టించెను. 1521లో శాశ్వత ధర్మపత్రము వ్రాయించెను. 1523 నాటికి 52 ఇండ్లు వెలసెను. నివాసులు దాతల కొరకు దినమునకు మూడు ప్రార్థనలు చేయవలెను. ఏటికి ఒక రైన్ గుల్డెన్ అద్దె చెల్లింపవలెను. నేడది 88 సెంట్లు, అనగా ఒక యూరోకన్న తక్కువ. అద్దె స్వల్పమే యైనను, దానిని చెల్లించువాడు తలయెత్తుకొని బ్రదుకగలడు.

1944 ఫిబ్రవరిలో జరిగిన వైమానిక దాడిలో పేట చాలవరకు నేలమట్టమయ్యెను. ఫుగ్గర్ వంశీయులు వెనుదీయక, దానిని మరల కట్టించి విస్తరింపజేసిరి. నేడచట 67 ఇండ్లలో సుమారు 150 మంది నివసించుచున్నారు; వారిలో వృద్ధులు పెక్కురు.

మన సత్రములకు మాన్యములవలె, ఈ పేటకు ధర్మనిధికి చెందిన అడవుల ఆదాయము ఆధారము. ఆ నిధిని నేటికిని ఫుగ్గర్ వంశీయులే పర్యవేక్షించుచున్నారు. దాత గతించినను, ఆదాయమును బాధ్యతను ముందుగా ఏర్పరచిన ధర్మము తరతరములు నిలుచును.