ఎంటర్‌ప్రైజ్ నౌకలో రష్యన్ నావిగేటర్

1960వ దశకంలో అమెరికా, సోవియట్ యూనియన్‌ల మధ్య అంతరిక్ష పోటీ హోరాహోరీగా సాగింది. చంద్రుడిపై ముందుగా ఎవరు కాలు మోపుతారన్నది రెండు దేశాలకూ ప్రతిష్ఠాత్మకమైన విషయం. సరిగ్గా ఆ రోజుల్లో, 1967లో, అమెరికా టీవీ ధారావాహిక 'స్టార్ ట్రెక్' రెండో సీజన్‌లో ఎంటర్‌ప్రైజ్ నౌకకు ఒక రష్యన్ యువకుడు నావిగేటర్‌గా వచ్చాడు. పేరు పావెల్ చెకోవ్. వాల్టర్ కోనిగ్ అనే అమెరికన్ నటుడు ఆ పాత్ర పోషించారు.

ఏ వస్తువు గురించి మాట వచ్చినా అది కనిపెట్టింది మా వాళ్లేనని చెప్పుకోవడం చెకోవ్‌కు అలవాటు. చివరికి స్కాచ్ విస్కీని కూడా వదల్లేదు! ప్రేక్షకులు నవ్వుకున్నారు. కానీ అంతరిక్షం విషయంలో ఆ గొప్పలకు ఆధారం ఉంది. తొలి కృత్రిమ ఉపగ్రహం స్పుత్నిక్ (1957), అంతరిక్షంలోకి వెళ్లిన తొలి మనిషి యూరీ గగారిన్ (1961), తొలి మహిళ వాలెంతీనా తెరిష్కోవా (1963), నౌక బయట తొలి నడక సాగించిన అలెక్సీ లియోనోవ్ (1965) అందరూ సోవియట్ వాళ్లే.

కథలో ఒకే నౌకలో కూర్చోవడం సులువే. మరి నిజంగా కలవాలంటే? 1975 జులై 17న అపోలో, సోయుజ్ నౌకలు కక్ష్యలో కలిసే ముందు ఇంజనీర్లు కొన్ని చిక్కుముడులు విప్పాల్సి వచ్చింది.

మొదటిది గాలి. అపోలోలో భూమిపై ఉండే పీడనంలో మూడో వంతు పీడనంతో స్వచ్ఛమైన ఆక్సిజన్ ఉండేది. సోయుజ్‌లో మనం పీల్చే గాలి లాంటిదే, మామూలు పీడనంతో ఉండేది. అక్కడి నుంచి ఒక్కసారిగా తక్కువ పీడనంలోకి వస్తే రక్తంలో కరిగిన నైట్రోజన్ బుడగలుగా మారి ప్రాణం మీదకు రావచ్చు. అందుకే రెండు నౌకల మధ్య ఒక చిన్న గదిని అమర్చారు. పీడనాన్ని అందులో నెమ్మదిగా మార్చుకుని అటూ ఇటూ వెళ్లేవారు. సోయుజ్‌లోనూ పీడనాన్ని కొంత తగ్గించారు.

రెండోది జోడింపు. అప్పటి నౌకల్లో ఒకదానికి పొడుచుకొచ్చిన భాగం, రెండోదానికి అది దూరే గుంట ఉండేవి. ఇక్కడ మాత్రం రెండు వైపులా ఒకే తరహా అమరిక చేశారు. ఏ నౌకైనా ముందుకొచ్చి పట్టుకోగలదు. ఈ కుటుంబానికి చెందిన పరికరాలనే తర్వాత అమెరికా స్పేస్ షటిళ్లు మీర్ కేంద్రంతో, అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంతో కలవడానికి వాడాయి.

మూడోది భాష. వ్యోమగాములు ఒకరి భాష మరొకరు నేర్చుకున్నారు. ఎదుటివారికి సులువుగా అర్థమయ్యేలా అమెరికన్లు రష్యన్‌లో, సోవియట్ వ్యోమగాములు ఇంగ్లిష్‌లో మాట్లాడారు.

మన దేశానికీ ఈ కథతో సంబంధం ఉంది. 1984 ఏప్రిల్ 3న రాకేశ్ శర్మ సోయుజ్ టి-11లో ఇద్దరు సోవియట్ వ్యోమగాములతో కలిసి అంతరిక్షానికి వెళ్లారు. గగన్‌యాన్‌కు ఎంపికైన నలుగురూ రష్యాలోని గగారిన్ కేంద్రంలో శిక్షణ పొందారు. 2000 నవంబరులో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో నివసించడానికి వెళ్లిన తొలి బృందంలో ఒక అమెరికన్, ఇద్దరు రష్యన్లు ఉన్నారు. భూమిపై రెండు దేశాల మధ్య విభేదాలు ముదిరినా అక్కడ కలిసి పనిచేయడం ఆగలేదు. గాలి, నీరు, విద్యుత్తు అందరికీ ఒక్కటే అయిన చోట పక్కవాడి క్షేమమే మన క్షేమం.