పచ్చిక కోసే యంత్రం: పెట్రోలా? కరెంటా?

మన ఊళ్లలో ఇంటి ముందు గడ్డి మొలిస్తే గేదెకు వేస్తాము. లేదా పీకించి, కళ్లాపి చల్లి, ముగ్గు పెడతాము. అమెరికాలో అదే గడ్డిని నీళ్లు పోసి, ఎరువు వేసి పెంచి, పెరగగానే యంత్రం పెట్టి కోసేస్తారు. ఈ వేడుక ఇంగ్లండులో పుట్టినది. స్ట్రౌడ్ దగ్గర ఎడ్విన్ బడ్డింగ్ అనే ఆయన, ఉన్నిబట్ట మీది నూగును కత్తిరించే మరను చూసి, అలాంటిదే పచ్చికకు తయారుచేసి 1830లో పేటెంటు పొందాడు. ఆనాడు దానిని తోసినది మనిషి బలమే. తర్వాత దాని మీద పెట్రోలు ఇంజను ఎక్కి కూర్చున్నది. ఇప్పుడు దానిని దింపే ప్రయత్నం జరుగుతున్నది.

మా అమ్మాయీ, అల్లుడూ కాలిఫోర్నియాలో శాన్ హోసే దాపున ఉంటారు. పోయిన ఏడు నేనూ, మా ఆవిడా వాళ్ల దగ్గర కొన్ని నెలలు ఉన్నాము. వాళ్లింటికి పదిహేను రోజులకొకసారి తోటమాలి వస్తాడు. మెక్సికో నుంచి వచ్చి స్థిరపడినవాడు. పని తెలిసినవాడు, మర్యాదస్థుడు. చిక్కంతా ఆయన వీపున తగిలించుకునే, ఆకులు ఊదే యంత్రంతోనే. అది మొదలైనదంటే పక్కవాడి మాట పక్కవాడికి వినపడదు. మా మనవడికి ఆయాసం ఉన్నది. ఆ గంటసేపూ కిటికీలు బిగించి వాణ్ణి లోపలి గదిలో కూర్చోబెట్టేవాళ్లము.

పాత బజాజ్, లాంబ్రెట్టా స్కూటర్లు నడిపినవారికి పెట్రోలులో ఆయిలు కలిపి పోయించుకోవడం గుర్తుండే ఉంటుంది. ఆకులు ఊదే పెట్రోలు యంత్రాలలో చాలావాటికి ఆ జాతి ఇంజనే, టూ స్ట్రోక్. అందులో కొత్త పెట్రోలు వచ్చే దారీ, కాలిన పొగ పోయే దారీ కాసేపు ఒకేసారి తెరిచి ఉంటాయి. అందువల్ల పోసిన పెట్రోలులో ఇంచుమించు మూడోవంతు కాలకుండానే బయటపడుతుంది. కాలిఫోర్నియా వాయు వనరుల బోర్డు లెక్క వింటే ఆశ్చర్యం వేస్తుంది. ఈ యంత్రం ఒక గంట నడిస్తే, టొయోటా కామ్రీ కారు 1100 మైళ్లు పోయినంత పొగమంచు కాలుష్యం పుడుతుందట. అంటే లాస్ ఏంజెలిస్ నుంచి డెన్వర్ దాకా! పచ్చిక కోసే యంత్రానికి ఆ లెక్క 300 మైళ్లు.

అందుకే 2021లో ఆ రాష్ట్రం చట్టం చేసినది. 2024 జనవరి 1 నుంచి తయారయ్యే ఇలాంటి చిన్న ఇంజన్లలో చాలావాటికి పొగ అనేదే ఉండరాదన్నారు. అయితే పాతవి వాడుకోవడానికి ఆ చట్టం అడ్డురాదు.

"మామయ్యగారూ, ఈయన్ని మానిపించి, బ్యాటరీ యంత్రాలున్న వేరే మనిషిని పెట్టుకుందాం," అన్నాడు అల్లుడు.

నాకు మనసొప్పలేదు. ఆ మనిషినే అడిగాను, నాకు వచ్చిన ఇంగ్లీషులో నేను, ఆయనకు వచ్చిన ఇంగ్లీషులో ఆయన. "ఒక ఇంటికైతే బ్యాటరీ చాలును సార్. నాకు రోజుకు ఎనిమిది, పది ఇళ్లు. నాలుగైదు బ్యాటరీలు కొనాలి. వాటి ఖరీదు యంత్రం ఖరీదును మించిపోతుంది. మధ్యలో ఛార్జింగు ఎక్కడ పెట్టుకోను?" అన్నాడు.

ఈ బాధ కొత్తది కాదు. 1998లో లాస్ ఏంజెలిస్ నగరం ఇళ్ల దగ్గర ఈ పెట్రోలు యంత్రాలను నిషేధించినప్పుడు, పొట్ట కొట్టవద్దని తోటపనివారు సిటీ హాలు ముందు నిరాహారదీక్షకు కూర్చున్నారు. 2021 చట్టంతోపాటు ఇలాంటి వృత్తివారికి సాయంగా రాష్ట్రం 3 కోట్ల డాలర్లు కేటాయించినది. అంత పెద్ద రాష్ట్రంలో అది ఎందరికి అందుతుంది?

ఉపాయం చెప్పినది మా అమ్మాయి. "యంత్రాలు మనమే కొందాం నాన్నా. మన గారేజీలోనే ఉంటాయి. ఆయన వచ్చి వాటితో పని చేసుకుంటాడు. ఇచ్చే డబ్బు తగ్గించేది లేదు."

అలాగే చేశారు. రెండు నెలల తర్వాత తోటమాలిని మళ్లీ అడిగాను. తడిసి ఏపుగా పెరిగిన గడ్డిలో కొత్త యంత్రం కాస్త మొరాయిస్తున్నదట. తడి ఆకులను ఊదడానికి ఎక్కువసేపు పడుతున్నదట. కాని చేతుల తిమ్మిరి లేదు, సాయంత్రానికి బట్టలకు పెట్రోలు వాసన లేదు అన్నాడు. మనవడు ఇప్పుడు కిటికీ దగ్గర నిలబడి ఆయనకు చెయ్యి ఊపుతున్నాడు. పక్కింటివారు కూడా అదే ఏర్పాటు చేసుకున్నారు.

కొనదలచినవారికి నాలుగు మాటలు. ఒక కంపెనీ బ్యాటరీ సాధారణంగా మరొక కంపెనీ యంత్రానికి పట్టదు. కాబట్టి అన్నీ ఒకే కంపెనీవి తీసుకోవాలి. 40 వోల్టుల, 5 ఆంపియర్ అవర్ల బ్యాటరీలో పట్టేది 200 వాట్ అవర్లు, అనగా మన కరెంటు బిల్లులో యూనిట్‌లో అయిదో వంతు. బ్యాటరీని ఎండలో పెట్టరాదు. వేడిగా ఉన్నప్పుడు ఛార్జి చేయరాదు. నెలల తరబడి వాడకపోతే సగం ఛార్జితో చల్లని చోట దాచాలి. బ్లేడు మీద చెయ్యి వేసే ముందు బ్యాటరీ ఊడదీయాలి. ఈ మోటారు చప్పుడు లేకుండా సిద్ధంగా ఉంటుంది సుమా!

హైదరాబాదులోనూ, విశాఖలోనూ అపార్టుమెంట్ల ఆవరణలలో భుజానికి తగిలించుకుని గడ్డి కోసే పెట్రోలు యంత్రాలు ఇప్పుడు మామూలే. పిల్లలు ఆడుకునేది ఆ పక్కనే. అసోసియేషను సమావేశంలో ఈ మాట ఎత్తవలసినదే. ఎత్తేటప్పుడు, కొత్త యంత్రం ఖర్చు అసోసియేషను నిధి నుంచి ఇవ్వాలనీ, తోటపనివాని కూలిలో కోయరాదనీ కూడా అప్పుడే తీర్మానంలో రాయించండి.