‘పాజిటివ్’ అంటే రోగమేనా?

ఛత్తీస్‌గఢ్ రాజధాని రాయ్‌పూర్‌లో సికిల్ సెల్ వ్యాధికై ప్రత్యేక సంస్థ ఒకటి పనిచేస్తున్నది. ఆ ప్రాంతపు జనం ఈ జబ్బును ‘సిక్లింగ్’ అంటారు. సికిల్ అనగా కొడవలి. ప్రాణవాయువు తగ్గినప్పుడు గుండ్రని ఎర్ర రక్తకణాలు కొడవలి వలె వంగి సన్నని రక్తనాళాలలో అడ్డుపడతాయి. రోగిని పిండివేసే ఎముకల నొప్పి అందువల్లనే. ఈ కణాలను 1910లో తొలిసారి వర్ణించినవాడు షికాగో వైద్యుడు జేమ్స్ హెరిక్.

చిక్కంతా పరీక్ష చీటీలోని ‘పాజిటివ్’ అనే మాటతోనే. సాల్యుబిలిటీ పరీక్ష రక్తంలో ‘ఎస్’ రకపు హీమోగ్లోబిన్ ఉన్నదని మాత్రమే తెలుపుతుంది. మనిషి రోగియా, వాహకుడా అన్నది తేల్చడానికి హీమోగ్లోబిన్ రకాలను విద్యుత్తుతో విడదీసి చూసే ఎలెక్ట్రోఫోరెసిస్ వంటి పరీక్ష కావాలి. అందులో ‘ఏఎస్’ అని వస్తే వాహకుడు. తల్లి నుండో, తండ్రి నుండో ఒక్క జన్యువే సంక్రమించిందన్నమాట. సాధారణంగా అతడు ఆరోగ్యవంతుడే. ‘ఎస్‌ఎస్’ అయితే రోగి.

ఈ భేదమెరుగక, వాహకురాలైన పిల్లను రోగిష్టిదని ఎంచి సంబంధం వదులుకోవడం అన్యాయం. అందులో సగం తప్పు భాషదే! వధూవరులిద్దరూ ‘ఏఎస్’ అయితే మాత్రం వైద్యుని సలహా తప్పనిసరి. ప్రతి కాన్పులోనూ బిడ్డకు ‘ఎస్‌ఎస్’ వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. మొదటి బిడ్డకు వచ్చింది గనుక తక్కిన ముగ్గురికీ రాదని లెక్క కట్టరాదు. ప్రతి కాన్పుకూ ఆ లెక్క మళ్లీ మొదటికే వస్తుంది.